పెన్‌డ్రైవ్ ఇంట్లోనే వదిలి వెళ్లు

అమ్మలూ,

పక్కింటి మాస్టారి కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కిస్తానని మాటిచ్చేశానని రాశావు. "ఆదివారం ఓ గంట కూర్చుంటే అయిపోతుంది కదత్తా?" అని అడిగావు. గంటలో అవ్వదు. ఒకవేళ అయినా, ఆ గంట నీ పనిలో చిన్న ముక్క. ముప్పై ఏళ్లు కంప్యూటర్ ల్యాబుల్లో సిస్టమ్‌లు చూసుకున్నాను, ఎన్నిటికి ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించానో లెక్క లేదు. ల్యాబులో ఎప్పుడూ భయం వేయలేదు. అక్కడ అన్నీ ఒకేలా ఉండేవి, ఏదైనా తేడా వస్తే ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించేదాన్ని. నాకు చెమటలు పట్టినవల్లా ఇరుగుపొరుగు ఇళ్లలోనే. అక్కడ ఉండేది ఒక్కటే కంప్యూటర్, అందులో ఉండేది వాళ్ల పదేళ్ల జీవితం.

అందుకని మొదటిసారి ఒట్టి చేతులతో వెళ్లు. పెన్‌డ్రైవ్ ఇంట్లోనే వదిలెయ్. జేబులో ఉంటే గుచ్చాలనిపిస్తుంది. ఆయన పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చుని, "మాస్టారూ, మీరు రోజూ దీంట్లో ఏం చేస్తారో ఒకసారి చేసి చూపించండి" అను. మౌస్ నువ్వు పట్టుకోవద్దు. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతుంటే నీ వేళ్లు దురద పెడతాయి, ఓర్చుకో. ఆయన మెయిల్ ఎలా తెరుస్తారో చూడు. నీకు మెయిల్ అంటే ఒక వెబ్‌సైటు. ఆయనకి మెయిల్ అంటే డెస్క్‌టాప్ మీద ఎడమవైపు మూడో వరసలో ఉన్న ఒక బొమ్మ. ఆ బొమ్మ చోటు మారితే ఆయన దృష్టిలో మెయిలే పోయింది. ఉత్తరాలు దేంట్లో టైపు చేస్తారు, ఏ ప్రింటర్‌లో తీస్తారు, ఫోన్‌లోని ఫొటోలు ఎలా ఎక్కిస్తారు, బ్యాంకు పని ఇందులో చేస్తారా లేదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకో. వర్డ్‌ప్యాడ్‌లో రాసుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్యాడ్‌నే తీసేశారు. ఇలాంటిది ముందే కనిపెడితే ఆయనకి ఇంకో దారి చూపించొచ్చు, తర్వాత తెలిస్తే నువ్వు పోగొట్టినట్టు లెక్క.

ఈ కాగితం పారెయ్యకు. చివర్లో నీకు పరీక్ష పేపరు ఇదే. సోమవారం పొద్దున మాస్టారు కూర్చుని, నిన్ను పిలవకుండా ఇందులో ఉన్న పనులన్నీ చేసుకోగలిగితేనే పని అయినట్టు. విండోస్ 11 బొమ్మ తెర మీదకి వచ్చినంత మాత్రాన కాదు.

అదే కాగితం వెనకవైపు ఇంకో జాబితా రాయి: ఇప్పటికే పనిచేయనివి. కెమెరా రావట్లేదా, ఒక స్పీకరే మోగుతోందా, కీబోర్డులో ఏదైనా మీట అతుక్కుంటోందా, గడియారం తప్పు చూపిస్తోందా. ఆయన ఎదుటే చూసి, ఆయనకి చదివి వినిపించు. నువ్వు ఒకసారి చెయ్యి పెట్టాక ఆ ఇంట్లో టీవీ రాకపోయినా "ఆ పిల్ల వచ్చి ఏదో చేసిన దగ్గర్నుంచీ" అనే మాట వస్తుంది. వాళ్లు చెడ్డవాళ్లయి కాదు, మనిషి మనసు అలా లెక్కలు కడుతుంది, అంతే. ఇంకో ఉపయోగం కూడా ఉంది. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతోందంటే బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోయిందని అర్థం. దాన్ని మార్చకుండా బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే బోర్డు లోపలి ప్రోగ్రామ్‌లో, సెట్టింగులు మారిస్తే అవి నిలబడకపోవచ్చు.

ఇక, అసలు ఎందుకు మార్చాలనుకుంటున్నారో అడుగు. తెర నిండా ఏదో నోటీసు వచ్చిందనీ, ఇక కంప్యూటర్ ఆగిపోతుందేమోననీ టెన్షన్ పడుతుంటారు. నిజం చెప్పు. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగింది. ఆగడమంటే సిస్టమ్ ఆగిపోవడం కాదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, అంతే. కానీ ఆ "అంతే" చిన్నది కాదు. ఇకమీదట బయటపడే కన్నాలకి అతుకులు పడవు, ఆ కన్నాలేవో దొంగలకి తెలుస్తూనే ఉంటాయి. ఆయన అందులో బ్యాంకు పని చేస్తుంటే మార్చాల్సిందే. నెట్ లేకుండా ఉత్తరాలు టైపు చేసుకోవడానికి మాత్రమే వాడుతుంటే తొందరేం లేదు. మధ్యేమార్గం కూడా ఒకటుంది. ఇళ్లలో వాడే సిస్టమ్‌లకి ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకం పెట్టి, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో నమోదు చేసుకోవాలి. ఏ సిస్టమ్ కొనాలో తేల్చుకోలేని వాళ్లకి ఆ వ్యవధి పనికొస్తుంది. వచ్చే వారం ఆయనకి ముఖ్యమైన పనేదైనా ఉంటే మాత్రం నువ్వు ఈ ఆదివారం ముట్టుకోకు. "తర్వాత చేద్దాం మాస్టారూ" అనడం చేతకానితనం కాదు.

ఇప్పుడు ఆ సిస్టమ్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూడాలి. నాలుగు జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అని కాగితం మీద ఉంటుంది కానీ నాలుగు జీబీతో విండోస్ 11 వాడటం నరకం, ఎనిమిది లేకుండా ఎవరికీ ఎక్కించకు. అసలు చిక్కులు రెండు: ప్రాసెసర్, టీపీఎమ్. ఇంటెల్ అయితే చాలావరకు 8వ తరం నుంచీ, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 వరస నుంచీ ఒప్పుకుంటుంది. టీపీఎమ్ అంటే తాళంచెవులు దాచే చిన్న భద్రతా చిప్, దాని 2.0 వెర్షన్ కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే ఏది ఉందో ఏది లేదో చెబుతుంది.

అది "లేదు" అంటే వెంటనే నమ్మకు. ప్రాసెసర్ సరిపోయి టీపీఎమ్ మాత్రం లేదంటే, చాలాసార్లు అది ఉంటుంది, బయాస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎమ్ అనీ పేరు పెడతారు. ఆన్ చేస్తే సరిపోతుంది. సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది సిస్టమ్ లేచేటప్పుడు నకిలీ ప్రోగ్రాములని ఆపే తనిఖీ, యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలోనే పనిచేస్తుంది. పాత పద్ధతిలో, అంటే లెగసీ బూట్‌తో, ఎమ్‌బీఆర్ అనే పాత తరహా డిస్కు మీద విండోస్ ఎక్కించి ఉంటే, నువ్వు బయాస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐకి మార్చిన మరుక్షణం సిస్టమ్ బూట్ అవ్వదు. నల్ల తెర వస్తుంది, మాస్టారి ముఖం తెల్లబోతుంది. ముందు డిస్కుని జీపీటీ అనే కొత్త తరహాకి మార్చాలి. ఎమ్‌బీఆర్‌టుజీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది, డేటా పోకుండానే మారుస్తుంది. పోకుండా అన్నారు కదా అని బ్యాకప్ లేకుండా చేయకు. బయాస్ తెరని మార్చక ముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో, ప్రతి పేజీ. నాకు ఈ అలవాటు చాలా ఆలస్యంగా వచ్చింది.

ప్రాసెసరే సరిపోకపోతే? రిజిస్ట్రీలో ఓ మార్పు చేసో, పెన్‌డ్రైవ్‌ని ఇంకోలా తయారుచేసో ఆ తనిఖీలని దాటించొచ్చని నీకు తెలుసు, నాకూ తెలుసు. నీ సిస్టమ్ మీద ఏమైనా చేసుకో. పక్కవాళ్ల సిస్టమ్ మీద వద్దు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఏదో ఒక రోజు ఓ అప్‌డేట్ ఆగిపోతే, అది నీ నిర్ణయమని ఆయనకి తెలియదు, నువ్వు ఆ ఊళ్లో ఉంటావో ఉండవో నీకు తెలియదు.

సిస్టమ్ పాతదైనా డిస్కు బాగుంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ అనే ఓఎస్ గురించి ఆలోచించు. దాంట్లో నాకు నచ్చేది ఏంటంటే, పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి, హార్డ్‌డిస్కుని తాకకుండా వాడి చూడొచ్చు. వైఫై వస్తోందా, శబ్దం వస్తోందా, ఆ ప్రింటర్ పలుకుతోందా అని ఆయన చేతే చూపించొచ్చు. బ్రౌజర్, ఉత్తరాలు, ఫొటోలు, ఇంతవరకే వాడేవాళ్లకి అది హాయిగా సరిపోతుంది. కానీ డాంగిల్ (లైసెన్సు ఉండే చిన్న యూఎస్‌బీ ముక్క) గుచ్చితే గానీ తెరుచుకోని లెక్కల సాఫ్ట్‌వేరో, విండోస్‌కి మాత్రమే దొరికే ఇంకేదో ఉంటే ఆ ఊసెత్తకు. నీకిష్టమని ఎక్కించకు. నేను ఒకప్పుడు లైనక్స్ పిచ్చిలో పడి ముగ్గురికి ఎక్కించాను. వాళ్లలో ఇద్దరు మర్నాడే ఇంకెవరినో పిలిచి విండోస్ ఎక్కించుకున్నారు, నాకు చెప్పలేదు పాపం.

ఒక్క మాట. "స్లోగా ఉంది, కొత్త విండోస్ ఎక్కిస్తే స్పీడ్ అవుతుందట కదా?" అని ఆయన అడిగితే, అవ్వదని చెప్పు. తిరిగే హార్డ్‌డిస్కు ఉన్న సిస్టమ్‌కి ఏ ఓఎస్ ఎక్కించినా ఈడుస్తూనే ఉంటుంది. ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు, పెడితే పాత సిస్టమే కొత్తదానిలా లేస్తుంది. ఎస్ఎస్‌డీ పెడితే ఇంకో లాభం: పాత డిస్కుని తీసి కవర్లో పెట్టి ఆయన చేతికే ఇవ్వొచ్చు. అంతకంటే మంచి బ్యాకప్ లేదు.

బ్యాకప్ దాకా వచ్చాం కాబట్టి నా సంగతి చెప్పాలి. ఇది మీ మావయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. 2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు ఆగింది. ఆ తర్వాత కొన్నాళ్లకి, మా పైవాటాలో ఉండే ఆవిడ సిస్టమ్‌కి విండోస్ 7 ఎక్కిస్తానని నేనే అడిగి మరీ వెళ్లాను. ఎక్స్‌పీ నుంచి సెవెన్‌కి ప్రోగ్రాములతో సహా నేరుగా మారే దారి లేదు, కొత్తగా ఎక్కించాలి. ఆవిడ డేటా అంతా డీ డ్రైవ్‌లో ఉంది. మనం సీ డ్రైవ్ మాత్రమే కదా ఫార్మాట్ కొట్టేది, డీ జోలికి పోం కదా, బ్యాకప్ దేనికి అన్నాను. అన్నది నేనే, ఆవిడ కాదు. ఎక్స్‌పీ ఇన్‌స్టాలర్‌లో సీ, డీ అని అక్షరాలు కనపడేవి. ఎక్స్‌పీ ఎక్కించి ఎక్కించి నా కళ్లు ఆ అక్షరాలకే అలవాటు పడ్డాయి. సెవెన్‌లో అవి కనపడవు. డిస్క్ 0 పార్టిషన్ 1, డిస్క్ 0 పార్టిషన్ 2 అని, పక్కన సైజులు. ఆ సిస్టమ్‌లో రెండూ ఇంచుమించు ఒకే సైజు. ఒకటి ఎంచుకున్నాను, ఫార్మాట్ కొట్టాను, ఎక్కించాను. కొత్త డెస్క్‌టాప్ వచ్చింది, ఆవిడ కూడా మురిసిపోయింది. మై కంప్యూటర్ తెరిచి డీ డ్రైవ్‌లోకి వెళ్తే అందులో పాత ఎక్స్‌పీ ఫోల్డర్లు కనపడ్డాయి. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు చల్లబడ్డాయి.

ఆవిడ రెండేళ్లుగా వాళ్ల నాన్నగారి డైరీలు టైపు చేస్తోందట. నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. రికవరీ సాఫ్ట్‌వేర్లు పెట్టి మూడు రాత్రులు కూర్చున్నాను. కొన్ని ఫైళ్లు వచ్చాయి, పేర్లు లేకుండా, సగం సగం. మిగతావాటి మీద సెవెన్ కూర్చుంది. ఆవిడ ఒక్క మాట అనలేదు. తర్వాత మెట్ల మీద ఎన్నిసార్లు ఎదురైనా బాగానే పలకరించేది, కంప్యూటర్ మాట మాత్రం ఎత్తేది కాదు.

అందుకే చెబుతున్నాను. నువ్వు చేసేది అప్‌గ్రేడే కావచ్చు, ఫైళ్లూ ప్రోగ్రాములూ అలాగే ఉంచే దారే కావచ్చు, చాలావరకు ఏమీ కాదు కూడా. అయినా బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకు. "ఏం కాదు మాస్టారూ" అనే మాట నీ నోటి నుంచి రాకూడదు. "ఏదైనా అయితే ఇందులో కాపీ ఉంది" అను, ఆ డిస్కు చూపించు.

కాపీ చేసేటప్పుడు డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే చూసుకుని వచ్చేయకు. ఆయన వయసు వాళ్లు డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, సీ డ్రైవ్ మొదట్లోనే ఒక "న్యూ ఫోల్డర్"లో దాచుకుంటారు. రీసైకిల్ బిన్‌లో ఫైళ్లు భద్రపరుచుకున్న ఒకాయన్ని నేను స్వయంగా చూశాను, నవ్వకు. పాత లెక్కల ప్రోగ్రాములు డేటాని తమ సొంత ఫోల్డర్లోనే, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఎక్కడో పెట్టుకుంటాయి. అవుట్‌లుక్ వాడుతుంటే మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైలు వేరే చోట ఉంటుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, స్టిక్కీ నోట్స్‌లో రాసుకున్నవి మర్చిపోకు. యూనికోడ్‌కి ముందు కాలం ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఫైళ్లు ఉంటే ఆ ఫాంట్లని కూడా కాపీ చెయ్. ఫాంటు పోతే ఫైలు ఉన్నా లేనట్టే, తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల చెత్తలా కనపడుతుంది.

వన్‌డ్రైవ్ ఒక మాయలాడి. దాని ఫోల్డర్‌లో ఫైలు పేరు కనపడుతుంది, పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటుంది. అంటే ఫైలు అక్కడ లేదు, నెట్‌లో ఉంది. కాపీ చేసే ముందు వాటిని పూర్తిగా దింపుకోవాలి. డెస్క్‌టాప్ ఫోల్డరే వన్‌డ్రైవ్ లోపలికి వెళ్లిపోయి ఉన్న సిస్టమ్‌లు చాలా ఉన్నాయి. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీనే కాబట్టి అది నిండిపోయి కొన్ని ఎక్కి కొన్ని ఎక్కకుండా కూడా ఉంటాయి. కాపీ అయ్యాక ఆ డిస్కుని నీ ల్యాప్‌టాప్‌కి పెట్టి పది ఫైళ్లు తెరిచి చూడు. వంద శాతం కాపీ అయిందని తెర చెప్పినంత మాత్రాన సరిపోదు. కాపీ చేస్తుండగానే డిస్కు కటకటలాడినా, మధ్యలో ఎర్రర్లు వచ్చినా ఆ డిస్కు పోయేలా ఉంది. అప్పుడు ఓఎస్ సంగతి పక్కన పెట్టు, ఉన్నది బయటికి తీయడమే నీ పని.

ఆయన ఫైళ్లు కాపీ చేస్తావు గానీ చూడకు. ఫొటోల ఫోల్డర్ తెరిచి "ఇది ఎవరు మాస్టారూ?" అనడం కూడా వద్దు. తనిఖీకి ఏ ఫైళ్లు తెరవాలో ఆయన్నే ఎంచమను. పాస్‌వర్డ్‌లు ఆయన చేతే కొట్టించు, నువ్వు ముఖం తిప్పుకో. "నువ్వే కొట్టమ్మా, నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను" అంటారు. ఒప్పుకోకు. నిన్ను నమ్మడం మంచిదే, కానీ రేపు కంపెనీ నుంచి మాట్లాడుతున్నానని ఎవడో ఫోన్ చేస్తే వాడికీ అలాగే చెబుతారు. ఎవరి ముందూ పాస్‌వర్డ్ చెప్పకూడదన్న అలవాటు నీతోనే మొదలవ్వాలి.

మొదలుపెట్టే ముందు ఇంకొకటి తేల్చుకో: బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకి వేసే తాళం. కొన్ని సిస్టమ్‌లలో, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లలో, ఎవరూ ఆన్ చేయకుండానే డిస్కుకి ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. నువ్వు బయాస్‌లో టీపీఎమ్‌ని కదిపావంటే తర్వాతి బూట్‌లో నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కులో ఉన్నదంతా తాళంచెవి పోయిన ఇనప్పెట్టె. సాధారణంగా ఆ కీ ఆయన మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ముందే తెరిపించి, కాగితం మీద రాయించి, రెండుసార్లు సరిచూసి, ఆ తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి అప్పుడు బయాస్‌లోకి వెళ్లు. ఆ అకౌంటు ఎవరిదో కూడా చూసుకో. చాలా ఇళ్లలో దూరంగా ఉన్న కొడుకో కూతురో ఎప్పుడో పెట్టి ఇచ్చిన అకౌంటు ఉంటుంది, పాస్‌వర్డ్ వాళ్లకీ గుర్తుండదు. విండోస్ 11 హోమ్‌ని కొత్తగా ఎక్కిస్తే సెటప్‌లోనే నెట్టూ, మైక్రోసాఫ్ట్ అకౌంటూ అడుగుతుంది. తొందరలో నీ అకౌంటు పెట్టేయకు. అలా పెట్టిన వాళ్ల వన్‌డ్రైవ్‌లోకి పక్కింటి వాళ్ల బ్యాంకు కాగితాలు వెళ్లి కూర్చున్న సంగతి నాకు తెలుసు.

ఇక ఆ రోజు. పొద్దున్నే మొదలుపెట్టు, సాయంత్రం కాదు. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ ముందు రోజే నీ ఇంట్లో తయారుచేసుకో. కనీసం 8 జీబీది కావాలి, అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి నీ సొంతదే వాడు. నడుస్తున్న విండోస్ 10లోంచే దాన్ని తెరిచి సెటప్ నొక్కితే, ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచమంటావా అని అడుగుతుంది. అదే ఎంచుకో. ఆ ఎంపిక మసకగా కనపడి నొక్కనివ్వకపోతే ముందుకు వెళ్లకు, ఎందుకో తేల్చుకో. చాలాసార్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్న భాష, ఎడిషన్ ఆ సిస్టమ్‌తో కలవకపోవడమే కారణం. 32 బిట్ విండోస్ 10 అయితే ఈ దారే లేదు. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే, కొత్తగా ఎక్కించాల్సిందే. యాక్టివేషన్ గురించి భయపడకు. అసలైన విండోస్ 10 యాక్టివేట్ అయి ఉంటే 11కి కీ అడగదు, ఆ లైసెన్సు సిస్టమ్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది. సీ డ్రైవ్‌లో ముందే చోటు ఖాళీ చేసి ఉంచు. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే తీసేయ్. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచు, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టు. ప్రింటర్, స్కానర్ వైర్లు తీసి పక్కన పెట్టు. ఆ ప్రింటర్‌కి విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో దాని కంపెనీ సైటులో ముందు రోజే చూసి ఉండాలి మరి.

ఎస్ఎస్‌డీ అయితే ఓ గంట, పాత హార్డ్‌డిస్కు అయితే సగం రోజు. మధ్యలో నాలుగైదుసార్లు దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. ఏదో ఒక శాతం దగ్గర పావుగంట, అరగంట కదలకుండా నిలబడుతుంది. పవర్ బటన్ మీద చెయ్యి వేయకు. డిస్కు లైటు మిణుకుమంటోందంటే లోపల పని జరుగుతున్నట్టే. మాస్టారు మూడుసార్లు వచ్చి "అయిందామ్మా?" అంటారు. ముందే ఆయనకి "సాయంత్రం దాకా సిస్టమ్ ఉండదు" అని చెప్పి ఉంటే ఆ మూడుసార్లు ఒకసారి అవుతుంది.

అయ్యాక నీ పాండిత్యం చూపించకు. కొత్త సదుపాయాలు చెప్పడం మొదలెట్టకు. పాతది ఎలా ఉండేదో వీలైనంత అలా చెయ్. టాస్క్‌బార్ మధ్యలోకి వచ్చి ఉంటుంది, సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్‌లోకి వెళ్లి ఎడమవైపుకి జరుపు. స్టార్ట్ బటన్ మూలన లేకపోతే ఆయన చెయ్యి వెతుక్కుంటుంది. అక్షరాలు చిన్నవిగా ఉంటే యాక్సెసిబిలిటీలో పెంచు. మెయిల్ బొమ్మని ఎడమవైపు మూడో వరసలో పెట్టు. రైట్ క్లిక్ కొడితే వచ్చే మెనూ మారింది, పాత మెనూ కావాలంటే అడుగున "షో మోర్ ఆప్షన్స్" నొక్కాలని ఒక్క ముక్క చూపించు. మామూలుగా పీడీఎఫ్‌లు, లింకులు ఎందులో తెరుచుకునేవో మళ్లీ అందులోనే తెరుచుకునేలా చెయ్. తర్వాత లేచి కుర్చీ ఆయనకి ఇచ్చి, ఆ కాగితం బయటికి తియ్. ఒక్కో పనీ ఆయనే చేయాలి. ఒక ఉత్తరం ప్రింటు తీయించు, ఖాళీ పేజీ కాదు, నిజం ఉత్తరం. తట్టుకున్న చోట నువ్వు మౌస్ లాక్కోకుండా నోటితో చెప్పు, ఆయన్ని రాసుకోమను. ఆయన అక్షరాలతో ఆయన రాసుకున్న నాలుగు వాక్యాలు నువ్వు టైపు చేసి ఇచ్చిన నాలుగు పేజీల కంటే ఎక్కువ కాలం పనికొస్తాయి.

పాత విండోస్ పదిరోజులపాటు విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. నచ్చకపోతే, ఏదైనా పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి వెనక్కి పోవచ్చు. చోటు తినేస్తోందని ఎవరో చెప్పారని ఆయన దాన్ని తీసేస్తారు, తీయొద్దని చెప్పు. మాస్టారు వారానికి ఒకసారే సిస్టమ్ తెరిచే మనిషైతే పదిరోజులు చాలవు. విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్‌తో ఆ గడువుని అరవై రోజుల దాకా పెంచొచ్చు, కాకపోతే ఆ పదిరోజుల్లోపే పెంచాలి. నువ్వు అక్కడ ఉండగానే చేసెయ్. తొమ్మిదో రోజున ఒకసారి నువ్వే వెళ్లి అడుగు. ఆయన అంతట ఆయన ఫోన్ చేయరు, మొహమాటపడతారు, ఏదో ఒకటి పనిచేయకపోయినా సర్దుకుంటారు.

బ్యాకప్ తీసిన డిస్కు ఆయనకే ఇచ్చెయ్, దాని మీద తేదీ రాసి అంటించు. నీ ల్యాప్‌టాప్‌లోకి ఏవైనా కాపీ చేసి ఉంటే ఆయన చూస్తుండగా తీసేయ్.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. ఏదైనా అయితే ఫోన్ చెయ్, మొహమాటపడకు. కాకపోతే ఏదో ఒక శాతం దగ్గర ఆగిపోయిందని మాత్రం వెంటనే చేయకు. ఒక గంట ఆగి, అప్పటికీ కదలకపోతే అప్పుడు చెయ్.

మీ అత్తయ్య